నీలం డబ్బా

రాత్రి పళ్ళు తోముకున్నాక వాష్‌బేసిన్ పక్కనున్న నీలం డబ్బా మూత తీసి, అందులోంచి గాజులా మెరిసే రెండు తొడుగులు బయటికి తీస్తాను. ఒకటి పై పలువరసకి, రెండోది కింది పలువరసకి. పైది ఏ పేచీ లేకుండా కూర్చుంటుంది. కిందిది మాత్రం ముందు పళ్ళలో ఎడమవైపు రెండో పంటి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. వేలి కొసతో మెల్లగా నొక్కితే టిక్కుమని దిగుతుంది. దిగాక ఆ పంటి చుట్టూ సన్నటి బిగువు. నొప్పి అనడానికి లేదు. బిగుతు గాజులు చెయ్యి దాటి మణికట్టు మీదికి జారిన తర్వాత కాసేపు తెలుస్తూ ఉంటుందే, అలాంటిది. పావుగంటలో అదీ పోతుంది. పొద్దున్న తీసేటప్పుడు అక్కడ ఏ పట్టూ ఉండదు, మెత్తగా వచ్చేస్తుంది. మళ్ళీ రాత్రికి అదే చోట, అదే పంటి దగ్గర, అదే క్షణం ఆగడం. నిన్న దీపం ఆర్పేసి పడుకున్నాక కూడా ఆ బిగువు తెలుస్తూనే ఉంది. చీకట్లో నాలుక కొసతో ఆ పన్నుని తడుముతూ అనుకున్నాను: ఇది పగలంతా ఎక్కడికి వెళ్ళొస్తోంది? నేను అన్నం తింటున్నప్పుడు, పిల్లలకి పాఠం చెబుతున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరికే బయటికి చూస్తున్నప్పుడు, నాకు తెలియకుండా ఎంత దూరం నడిచి ఉంటుంది? వెంట్రుక మందమంతైనా ఉంటుందా? అంతకన్నా పెద్ద ప్రశ్న, ఎందుకు నడుస్తుంది?

నాకు క్లిప్పులు వేయించుకోవలసిన వయసులో క్లిప్పులు వెయ్యలేదు. విజయనగరంలో మా చిన్నప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే పన్ను పీకించుకోవడానికే. పాల పన్ను ఊడితే పేడ ముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరేవాళ్ళం. కొత్త పన్ను ఎటు తిరిగి వస్తుందో అది దాని ఇష్టం. నా కోరపళ్ళు రెండూ చోటు చాలక పైన మొలిచాయి. పన్ను మీద పన్ను అదృష్టమని మా నాయనమ్మ నమ్మకం. ఆ అదృష్టాన్ని దాచుకోవడానికి ఫొటోల్లో పెదవులు బిగించడం నేర్చుకున్నాను, క్లాసులో నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. ముప్పై ఎనిమిదో ఏట, నా జీతంలోంచి నేనే డబ్బు కట్టి, కోరపళ్ళ పక్కనున్న నాలుగు పళ్ళు తీయించుకుని క్లిప్పులు వేయించుకున్నాను. ఇరవయ్యారు నెలలు. నెలకోసారి తీగ మార్చి బిగించడం, ఆ రెండు రోజులూ మెత్తటి పప్పన్నం, పెరుగన్నం. చివరికి క్లిప్పులు విప్పిన రోజు నాలుకకి తగిలిన ఆ నున్నదనం ఇంకా గుర్తుంది. తడిసిన గోలీకాయల మీద వేలు జారినట్టు. ఆ పూటే అద్దంలో మనసారా నవ్వుకుంటూ ఉంటే, డాక్టరుగారు కింది పళ్ళకీ పై పళ్ళకీ అచ్చులు తీసి, 'రిటైనర్లు రెండు రోజుల్లో వస్తాయి, అప్పటిదాకా జాగ్రత్త' అన్నారు. సరిచేసిన పళ్ళు మళ్ళీ జరగకుండా పట్టి ఉంచే తొడుగులట. దేనికి జాగ్రత్త? అయిపోయింది కదా? ఎన్నాళ్ళు పెట్టుకోవాలని అడిగాను. 'మొదట్లో రాత్రీ పగలూ, తిండికీ తోముకోడానికీ తప్ప తియ్యొద్దు. తర్వాత రాత్రిళ్ళు' అని, కొంచెం ఆగి, 'ఇక మానెయ్యండని మాత్రం నేనెప్పుడూ చెప్పనండీ' అన్నారు. ఆ మాట నాకు ఆ రోజు మింగుడుపడలేదు.

మా ఇల్లు కట్టేటప్పుడు స్లాబు వేసిన సంగతి నాకు బాగా జ్ఞాపకం. నాన్న రోజూ సాయంత్రం వెళ్ళి నీళ్ళు కట్టించేవారు. సెంట్రింగ్ విప్పేస్తామని మేస్త్రి తొందరపడితే ఇన్ని రోజులు కాకుండా ఒక్క చెక్క కూడా కదపడానికి వీల్లేదనేవారు. ఒకరోజు విప్పేశారు. ఆ తర్వాత ఆ స్లాబుకి ఎవరి ఆసరా అక్కర్లేకపోయింది. రిటైనర్ కూడా అలాంటిదే అనుకున్నాను. కొన్నాళ్ళు పట్టి ఉంచే చెక్క. గట్టిపడ్డాక ఎముకే మోస్తుంది. ఈ పోలిక ఎంత నమ్మకంగా కుదిరిందో! కానీ స్లాబుకీ దవడకీ మధ్య ఒక తేడా ఉంది. స్లాబు గట్టిపడితే దాని పని పూర్తయినట్టే. దవడ ఎముక ఎప్పటికీ అలా గట్టిపడి ఊరుకోదు.

మొదటి రిటైనర్లు పాతకాలపు రకం. గులాబీ రంగు యాక్రిలిక్ పలక అంగిలికి అతుక్కుని ఉంటుంది, ముందు పళ్ళ మీదుగా ఒక సన్నటి తీగ వెళుతుంది. చార్లెస్ హాలీ అనే అమెరికా దంతవైద్యుడి పేరుతో దాన్ని పిలుస్తారు. ఆయన దాన్ని తయారుచేసి వంద ఏళ్ళు దాటింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. అది పెట్టుకున్న మొదటి రోజు నేను తెలుగు పోగొట్టుకున్నాను. అతిశయోక్తి కాదు. మన ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక కొస వెనక్కి వంగి అంగిలిని తాకాలి. తాకవలసిన చోట ప్లాస్టిక్ ఉంది. 'పళ్ళు' అన్న మాటే నా పళ్ళ మధ్య నుంచి సరిగా రాలేదు. శ, ష, స మూడూ ఒకటే ఈలగా వినబడ్డాయి. బడిలో వ్యాకరణం చెప్పేదాన్ని, ఉచ్చారణ బాగుండాలని పిల్లల్ని సాధించేదాన్ని, వారం రోజులు సెలవు పెట్టాను. గట్టిగా చదివితే త్వరగా అలవాటవుతుందని డాక్టరుగారు చెబితే, సాయంత్రం వరండాలో అమ్మకి పేపరు చదివి వినిపించేదాన్ని. అమ్మ కళ్ళు మూసుకుని వినేది. చెవి మాత్రం వీణ వాయించేవాళ్ళ చెవి. 'అమ్మాయ్, ఆ ళ మళ్ళీ అను' అనేది. మళ్ళీ అనేదాన్ని. 'ఊహూఁ, ఇంకా ల లాగే ఉంది.' నలభై ఏళ్ళకి అమ్మ దగ్గర మళ్ళీ అక్షరాలు దిద్దుకున్నాను. అయిదో రోజో ఆరో రోజో 'ఆఁ, వచ్చింది' అంది. నాలుక కొత్త అంగిలిని తన అంగిలిగా ఒప్పుకుంది. మాట నేర్చుకున్నంత తేలిగ్గా పళ్ళు తమ చోటు ఎందుకు నేర్చుకోవు?

నోట్లోంచి తీసిన వస్తువు ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది చిన్న సమస్య కాదు. అమ్మకి ఎంగిలి పట్టింపు ఎక్కువ. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగడం, ఆవకాయ జాడీలో ఎంగిలి చెయ్యి పెడితే బూజు పడుతుందని చెప్పడం, ఇవన్నీ మాకు ఆవిడ ఉగ్గుపాలతో పట్టినవే. నీలం డబ్బా వంటింటి గట్టు మీద కనిపిస్తే ఆవిడ మొహం మారేది. పైకి ఏమీ అనేది కాదు, గట్టు మాత్రం మళ్ళీ కడిగేది. మా తాతయ్య కట్టుడు పళ్ళ సెట్టు రాత్రిళ్ళు నీళ్ళు పోసిన ఒక స్టీలు గ్లాసులో ఉండేది. ఆ గ్లాసు అంచుకి గుర్తుగా ఎర్ర దారం కట్టి ఉండేది, ఎవరూ పొరపాటున ముట్టుకోకుండా. చిన్నప్పుడు ఆ గ్లాసులో నవ్వు ఒక్కటే మునిగి ఉన్నట్టు కనబడి భయపడేదాన్ని. తాతయ్య పొద్దున్నే దాన్ని ఎంత శ్రద్ధగా కడిగేవారో ఇప్పుడు కళ్ళకు కడుతుంది. కింద పడితే పగలకుండా ముందు చెంబులో నీళ్ళు పట్టి, దాని మీద వంగి, చిన్న బ్రష్‌తో ఒక్కొక్క మూలా తోమేవారు. ఇప్పుడు నేనూ అచ్చంగా అలాగే వంగుతున్నాను.

పళ్ళు ఇలా చోటు విడిచి జరగడం సంగతి తెలుసుకోవాలని కొంత చదివాను. చదివినకొద్దీ నిశ్చింత పెరగలేదు, వినయం పెరిగింది. క్లిప్పులతో పళ్ళు సరిచేసే ఈ వైద్యానికి ఆధునిక రూపం ఇచ్చిన ఎడ్వర్డ్ యాంగిల్ పళ్ళు తీయించడానికి ఒప్పుకునేవాడు కాదు. పళ్ళన్నీ ఉంచి, పై వరసా కింది వరసా సరిగ్గా కలిసేలా అమరిస్తే ఎముక వాటి చుట్టూ పెరుగుతుందని, అలా కుదిరినవి నిలబడతాయని ఆయన నమ్మకం. ఆయన దగ్గర పనిచేసిన చార్లెస్ ట్వీడ్ ఆ పద్ధతినే పాటించి, కొన్నేళ్ళకి తన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళ నోళ్ళు చూసి దిగులుపడ్డాడు. చాలామందిలో అమరిక నిలవలేదు. గురువు మాటని దాటి, నాలుగేసి పళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేశాడు. అలాంటి నూరు మంది వివరాలు 1940లో తోటివాళ్ళ ముందు పెట్టాడు. పళ్ళకి చోటు దొరికింది, ఇక అవి నిలుస్తాయి అనుకున్నారు. ఆ తర్వాత సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు ఇలా నాలుగు పళ్ళు తీయించుకున్నవాళ్ళనే ఏళ్ళ తరబడి పిలిచి చూశారు. 1988లో వాళ్ళు అచ్చువేసిన పరిశీలనలో 31 మంది ఉన్నారు. రిటైనర్ మానేసి ఇరవై ఏళ్ళు గడిచేసరికి కింది ముందు పళ్ళు ఫరవాలేదనిపించేలా మిగిలింది వాళ్ళలో పదింట ఒక వంతుకే. ఎవరికి జరుగుతాయో, ఎవరికి జరగవో ముందుగా చెప్పగలిగే కొలత ఏదైనా ఉందా అని వెతికితే అదీ దొరకలేదు. ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. గురువు పొరబడ్డాడు, గురువుని దిద్దినవాడి దిద్దుబాటూ నిలవలేదు. మరి ఇన్నాళ్ళుగా నా నోట్లో జరిగినదంతా ఏమిటి?

జవాబు పంటికీ ఎముకకీ మధ్య ఉన్న సందులో ఉంది. పన్ను ఎముకలో మేకు దిగినట్టు దిగి ఉండదు. రెండింటి మధ్యా మిల్లీమీటరులో అయిదో వంతు మందాన ఒక పొర ఉంటుంది. సన్నటి పోగుల పొర. పన్ను ఆ పోగుల ఊయలలో వేలాడుతూ ఉంటుంది. ఒక పక్క నుంచి తీగ నెడితే, నొక్కుడు పడినవైపు ఎముక కరుగుతుంది, ఎడం ఏర్పడినవైపు కొత్త ఎముక పుడుతుంది. అలా పన్ను నడుస్తుంది. క్లిప్పులు విప్పిన నాటికి ఆ ఎముక ఇంకా లేతగా ఉంటుంది. చిగుళ్ళలో ఉండే సాగే పోగులు అన్నిటికన్నా మొండివి. మెలి తిప్పిన తాడులా అవి పాత చోటుకే లాగుతూ ఉంటాయి, సర్దుకోవడానికి దాదాపు ఏడాది పడుతుంది. పోనీ, అవి సర్దుకున్నాక? అప్పటికీ పెదవి లోపలికి నొక్కుతూనే ఉంటుంది, నాలుక బయటికి తోస్తూనే ఉంటుంది, నమిలే ప్రతి ముద్దా ఒక తోపే. వయసుతో కింది దవడ ముందు భాగంలో చోటు తగ్గుతుంది. ఎన్నడూ క్లిప్పు ముఖం చూడనివాళ్ళకీ కింది పళ్ళు నడివయసులో ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. అమ్మ పాత కచేరీ ఫొటోలో పలువరస తీర్చినట్టుంది. అదే నోరు అరవై దాటేసరికి వేరు. ఆవిడ పళ్ళని ఎవరూ ఎటూ కదపలేదు.

అప్పుడు తట్టింది, నేను వెతకవలసిన పోలిక స్లాబులో కాదు, మా ముందుగదిలో గోడకి ఆనించి ఉందని. అమ్మ వీణ బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస కొయ్యని తొలిచి చేసింది. దండి మీద ఇరవై నాలుగు మెట్లు నల్లటి మైనంలో కూర్చుని ఉంటాయి. మైనం మెత్తన. ఎండలకి, వాయించే వేళ్ళ ఒత్తిడికి, ఏళ్ళు గడిచేకొద్దీ మెట్టు ఏమాత్రమో పక్కకి ఒరుగుతుంది. మా కళ్ళకి అన్నీ ఉన్నచోటే ఉన్నట్టుండేవి. అమ్మ మాత్రం వాయిస్తూ వాయిస్తూ ఆగి, ఒక్క స్వరం మీద రెండుసార్లు మీటి, తల అడ్డంగా ఊపేది. వీణ పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి మేళం కట్టించాలని అప్పుడు నాన్నకి తెలిసేది. మైనం కరిగించి, ఒక్కొక్క మెట్టునీ చెవితో సరిచూస్తూ మళ్ళీ కూర్చోబెట్టేవారు. కొత్త వీణకి ఇలా ఎందుకవుతోందని ఒకసారి నాన్న నొచ్చుకుంటే, 'మైనం కాకపోతే సరిదిద్దడానికీ ఉండదు కదండీ' అన్నాడు పనివాడు. పోగుల ఊయల గురించి చదువుతున్నప్పుడు ఆ మాట చెవిలో మోగింది. కదలని పన్నైతే నా ముప్పై ఎనిమిదో ఏట ఏ డాక్టరూ దాన్ని కదపగలిగేవారు కాదు. దిద్దుకోవడానికి వీలిచ్చిన మెత్తదనమే మళ్ళీ జారడానికీ వీలిస్తోంది. ఒకటి కావాలనుకుని రెండోది వద్దనడం నాకు చేతకాదు.

ఇప్పటి తొడుగులు హాలీ రకం కాదు. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుని వేడిచేసి, పళ్ళ అచ్చు మీద గాలి పీల్చి అతికించి, అంచులు కత్తిరిస్తారు. వేడితో రూపం వచ్చినదానికి వేడే శత్రువు. శుభ్రంగా ఉండాలని మరిగిన నీళ్ళలో ముంచితే రూపం పోతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేసినా అంతే. చల్లటి నీళ్ళు, లేదా గోరువెచ్చన కూడా కానంత మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్, ఒక్క చుక్క సబ్బు చాలు. పేస్టు వద్దు, అందులోని గరుకు ప్లాస్టిక్ మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి చేరుతుంది. రోజూ తోమకపోతే పళ్ళకి పట్టినట్టే దీనికీ గార పడుతుంది, తెల్లగా, సున్నపు పొరలా. తొడుగు పెట్టుకుని కాఫీ తాగకూడదు, తీపి అసలే కూడదు. చక్కెర నీళ్ళు తొడుగు లోపల చిక్కుకుంటే ఉమ్మి వచ్చి కడిగే దారి ఉండదు, పళ్ళు రాత్రంతా అందులో నానుతాయి. ఇక మన పసుపు! మునక్కాడల పులుసు తిని సరిగా పుక్కిలించకుండా పెట్టుకున్న ఒక్క రాత్రికి నా పై తొడుగు చామంతి రంగు తిరిగింది, ఎంత తోమినా ఆ ఛాయ పూర్తిగా పోలేదు. ఇవన్నీ చిన్న పనులే, రోజుకి మూడు నిమిషాలు. కానీ ఇరవయ్యారు నెలల తీగలకీ, తీయించుకున్న నాలుగు పళ్ళకీ, కట్టిన డబ్బుకీ కాపలా ఈ మూడు నిమిషాలే.

ఒకసారి పోగొట్టుకున్నాను. పిన్ని కూతురి పెళ్ళిలో, భోజనానికి కూర్చుంటూ, డబ్బా బ్యాగులో ఉండిపోవడంతో తొడుగుల్ని కాగితపు రుమాల్లో చుట్టి విస్తరి పక్కన పెట్టాను. తిని, విస్తరి మడిచి లేచాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద కొత్త కాగితం పరిచి ఉంది. ఎంగిలాకుల తొట్టి దగ్గర నిలబడి వెతికించమని అడగడానికి నోరు రాలేదు. డాక్టర్లు ఈ కథ ఎంతమంది నుంచి వింటారో. డబ్బాలో లేకపోతే నోట్లో, నోట్లో లేకపోతే డబ్బాలో, మూడో చోటు లేదు అన్న నియమం ఆ రోజు నుంచి నాకు శాసనం.

ఆ శాసనాన్ని నేనే మీరాను, రెండేళ్ళ కిందట. అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సు వచ్చి, నగలూ కట్టుడు పళ్ళూ తీసి ఇమ్మంది. పైన ముందు నాలుగు పళ్ళ ప్లేటు అమ్మది. ఎన్నేళ్ళైనా ఆవిడ దాన్ని మా ఎదుట తీసి ఎరగదు. ఆ రోజు గోడవైపు తిరిగి, తీసి, కొంగు కింద పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నావైపు చూసింది. పళ్ళు లేని ఆ నోటితో 'అమ్మాయ్' అంటే మాట గాలిగా వచ్చింది. నా బ్యాగులో నీలం డబ్బా ఉంది. నా తొడుగులు తీసి పక్క జేబులో పడేసి, డబ్బా కడిగి అమ్మ ముందు పట్టుకున్నాను. ఒక్క క్షణం తటపటాయించింది. నాకు తెలుసు ఎందుకో. 'నీది కదే, ఎంగిలి' అంది. తర్వాత తనే అందులో పెట్టి, మూత నొక్కింది. టిక్కుమంది.

అప్పటి నుంచి ఏడు వారాలు ఆ డబ్బా అమ్మది. ఆస్పత్రిలో, తర్వాత ఇంట్లో, ఆవిడ ప్లేటు తోమి, నీళ్ళు పోసి, రాత్రి తలగడ పక్కన పెట్టేదాన్ని. నా తొడుగులు బ్యాగు జేబులోనే ఉండిపోయాయి. నిద్రే లేని రాత్రుల్లో రిటైనర్ గుర్తుకు రాలేదంటే అబద్ధం, చాలాసార్లు గుర్తొచ్చింది. రేపు అనుకున్నాను. ఏడు వారాల తర్వాత, అమ్మ వాకర్ పట్టుకుని వరండా దాకా నడిచిన సాయంత్రం, తీసి పెట్టుకోబోతే కిందిది ఎడమవైపు దిగలేదు. ఆ రెండో పన్ను కొద్దిగా పక్కకి తిరిగింది. కొరికి బలవంతంగా దించబోయి ఆగాను. అలా చేస్తే తొడుగు చిట్లుతుంది, లేదా పంటికి దెబ్బ. డాక్టరుగారు చూసి కోప్పడలేదు. మళ్ళీ కొన్ని నెలలు వైద్యం చేసి పన్ను వెనక్కి తేవచ్చు, లేదా ఇప్పుడున్నట్టుగానే అచ్చు తీసి, ఇంకా జరగకుండా కొత్తది చేయించవచ్చు అన్నారు. ఆలోచించుకోవడానికి వారం అడిగాను. ఆ వారమంతా అద్దంలో ఆ పన్నునే చూసుకున్నాను. అది వంకరా? వంకరే. ఏడు వారాలు నేనెక్కడ ఉన్నానో దానికి తెలుసు. రెండో దారే ఎంచుకున్నాను.

అమ్మ ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. వీణ ముందు నేల మీద కూర్చోలేదు కనుక, బల్ల మీద పెట్టి రోజూ పది నిమిషాలు వాయిస్తుంది. ఆవిడ ప్లేటుకి వేరే డబ్బా కొన్నాను, ఎర్రది. రెండు డబ్బాలూ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. గట్టు మళ్ళీ కడగడం ఆవిడ మానేసింది.

మీ ఇంట్లో క్లిప్పులు విప్పించుకున్న పిల్లలుంటే, వాళ్ళ డబ్బా ఎక్కడుందో ఈ రాత్రి ఒకసారి అడగండి. మూత తీసి చూడండి. అది ఖాళీగా ఉండి, నోరూ ఖాళీగా ఉంటే, పెళ్ళిళ్ళూ పరీక్షలూ అయ్యేదాకా ఆగకుండా రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.